పల్లె చర్చిలో రాజముద్ర

ఎనిమిదో హెన్రీ కథ మన పాఠ్యపుస్తకాల్లో రెండు ముక్కల్లో అయిపోతుంది. మొదటి భార్యను వదిలించుకోవాలనుకున్నాడు, పోపు ఒప్పుకోలేదు, దాంతో ఇంగ్లండ్ చర్చిని రోమ్ నుంచి విడదీసి తానే దానికి అధిపతి అయ్యాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ అసలు చిక్కుముడి ఇందులో కనిపించదు. 1534లో పార్లమెంటు చట్టం చేసి రాజును చర్చికి సర్వోన్నత అధిపతిగా ప్రకటించేనాటికి దేశ జనాభా పాతిక లక్షల పైచిలుకు. పదిమందిలో తొమ్మిదిమంది పల్లెల్లోనే ఉండేవారు. రాజుకు స్థిరమైన సైన్యం లేదు, పోలీసు లేదు, జిల్లాల్లో జీతం తీసుకుని పనిచేసే ఉద్యోగులు లేనట్టే లెక్క. అలాంటి రాజు లండన్‌లో కూర్చుని, ఎక్కడో కొండల్లో ఉన్న రైతు కుటుంబం ఏ భాషలో ప్రార్థించాలో, చనిపోయిన తల్లి కోసం పూజ చేయించవచ్చో లేదో ఎలా శాసించగలిగాడు?

జవాబు చర్చిలోనే ఉంది. అప్పటి ఇంగ్లండ్‌లో ప్రతి ఊరికీ చేరిన వ్యవస్థ అదొక్కటే. దేశం మొత్తం 9 వేలకు పైగా పారిష్‌లుగా విడిపోయి ఉండేది. పారిష్ అంటే ఒక చర్చి, దాని కిందికి వచ్చే ఊరు, లేదా రెండు మూడు ఊళ్లు. ప్రతి మనిషీ ఏదో ఒక పారిష్‌కు చెందాల్సిందే. బాప్తిస్మం అక్కడే, పెళ్లి అక్కడే, సమాధి అక్కడే, పండిన పంటలో పదోవంతు వెళ్లేదీ అక్కడికే. పత్రికలు లేని, చదువు వచ్చినవాళ్లు కొద్దిమందే ఉన్న రోజుల్లో ఊరంతా ఒకచోట కూర్చుని ఒకే మాట వినే సమయం వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున వచ్చేది.

హెన్రీ రోమ్ నుంచి లాక్కున్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. ఈ యంత్రాంగాన్ని ఊళ్లో నడిపేవాళ్లు రాజు జీతగాళ్లు కారు, ఊరివాళ్లే. హెన్రీ వంశమైన ట్యూడర్ రాజుల బలం, ఆ తర్వాత వచ్చిన స్టువర్ట్ రాజుల పతనం రెండూ ఈ మెలిక చుట్టూనే తిరిగాయి.

పారిష్ పెత్తనమంతా ఫాదర్ చేతిలో ఉండేది కాదు. సాధారణంగా ఇద్దరు చర్చి వార్డెన్లు ఉండేవారు. చాలాచోట్ల ఈ పదవి వంతులవారీగా ఇంటింటికీ తిరిగేది. జీతం లేదు. పైకప్పు కారితే బాగుచేయించాలి, కొవ్వొత్తులు, గంటలు, పూజా వస్త్రాలు కొనాలి, జమాఖర్చులు ఊరికి చదివి వినిపించాలి. బిషప్పు మనుషులు తనిఖీకి వచ్చినప్పుడు ఊళ్లో ఎవరు తప్పుచేశారో రాసివ్వాలి. మన పల్లెల్లో ఒకప్పటి కరణం, మునసబులతో వీళ్లను పోల్చాలనిపిస్తుంది గానీ ఆ పోలిక సగం దూరమే వస్తుంది. కరణీకం వంశపారంపర్యం, దానికి మాన్యాలుండేవి. వార్డెన్‌గిరీ ఒక ఏడాది బరువు. ఈ ఏడాది పొరుగువాడి మీద ఫిర్యాదు రాస్తే, వచ్చే ఏడాది అదే పొరుగువాడు వార్డెన్ కావచ్చు. చట్టం అమలు ఎంత దూరం వెళ్లాలో, ఎక్కడ ఆగాలో చాలాసార్లు ఈ లెక్కే తేల్చింది.

ఇదంతా ఎలా నడిచిందో చూడటానికి మోర్‌బాత్‌ను మించిన ఊరు దొరకదు. డెవన్ కౌంటీలో, ఎక్స్‌మూర్ కొండల అంచున ఉన్న చిన్న పల్లె అది. అప్పట్లో ముప్పై పైచిలుకు కుటుంబాలు, ఎక్కువమంది గొర్రెలు పెంచేవాళ్లు, చిన్న రైతులు. క్రిస్టఫర్ ట్రిచే అనే ఫాదర్ 1520లో అక్కడికి వచ్చి, 1574లో చనిపోయేదాకా 54 ఏళ్లు అక్కడే ఉన్నాడు. అంటే హెన్రీ, ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, నలుగురి పాలనా, నాలుగు రకాల మతవిధానాలూ ఆయన కళ్లముందే జరిగాయి. చర్చి జమాఖర్చులను ఆయనే రాసేవాడు. ఆ లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి. రాజధానిలో జరిగిన మతమార్పు పల్లెకు ఎంత ఖర్చు తెచ్చిపెట్టిందో వాటిలో పైసలతో సహా కనిపిస్తుంది.

మార్పుకు ముందు ఆ చర్చి ఆదాయం విచిత్రంగా ఉండేది. ఒక్కో పునీతుడి పేరున ఒక్కో నిధి. యువకులకొకటి, పెళ్లికాని అమ్మాయిలకొకటి, వాటికి వేరే పెద్దలు. కొన్ని నిధులకు గొర్రెలుండేవి. వాటిని ఊళ్లో ఇళ్లవాళ్లు తమ మందతోపాటు మేపేవారు. ఉన్ని అమ్మిన డబ్బుతో స్వరూపాల ముందు దీపాలు వెలిగేవి. చర్చి పేరున బీరు కాచి, విందుపెట్టి, అమ్మగా వచ్చిన లాభం పెద్ద ఆదాయం. ఎక్సెటర్ ప్రాంతపు పునీతురాలు సిడ్వెల్ అంటే ఫాదర్ ట్రిచేకు ప్రత్యేక భక్తి. ఆమె స్వరూపానికి వెండి పాదరక్ష చేయించడానికి ఊరివాళ్లు ఉంగరాలూ పూసలూ ఇచ్చారు. చనిపోయినవాళ్ల పూజలకు నల్లని వస్త్రాలు కొనాలని ఆయన ఇరవై ఏళ్లు డబ్బు కూడబెట్టాడు. 1547లో అవి చేతికొచ్చాయి. ఆ పూజలనే కొట్టేసే ప్రభుత్వం గద్దెనెక్కిందీ అదే ఏడాది.

చనిపోయినవాళ్ల కోసం చేసే పూజలు ఎందుకంత ముఖ్యమో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. క్యాథలిక్ విశ్వాసంలో సామాన్యుడి ఆత్మ నేరుగా మోక్షానికి వెళ్లదు, ఉత్తరించు స్థలంలో శుద్ధి కావాలి. బతికున్నవాళ్ల ప్రార్థనలు, పూజలు ఆ కాలాన్ని తగ్గిస్తాయి. కాబట్టి డబ్బున్నవాళ్లు మఠాలకు భూములు రాసిచ్చారు, లేనివాళ్లు చర్చికి ఒక గొర్రెనో కొవ్వొత్తినో ఇచ్చారు. ప్రొటెస్టెంట్లు ఉత్తరించు స్థలమే లేదన్నారు. ఆ ఒక్క మాటతో తరతరాల దానధర్మాల లెక్క కూలిపోయింది. ఆ ఆస్తులు ఎవరివి అనే ప్రశ్న లేచింది. రాజుకు ఆ ప్రశ్న చాలా నచ్చింది.

లండన్‌లో మార్పు చట్టం దారిలో వచ్చింది. 1529లో మొదలైన పార్లమెంటును హెన్రీ 1536 దాకా నడిపాడు. వెనకుండి పని చక్కబెట్టినవాడు రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్. 1533 చట్టం రోమ్‌కు అప్పీళ్లు వెళ్లకుండా ఆపింది, ఇంగ్లండ్ తనకు తానే ఒక సామ్రాజ్యమని ప్రకటించుకుంది. 1534 చట్టాలు రాజును చర్చికి అధిపతిని చేశాయి. దురుద్దేశంతో ఆ బిరుదును కాదనడం, నోటిమాటగానైనా సరే, రాజద్రోహమైంది. అంతకుముందు ప్రధాన న్యాయాధికారిగా ఛాన్సలర్ పదవిలో ఉన్న థామస్ మోర్, చట్టం తెలిసినవాడు కాబట్టి, నోరు విప్పకపోతే చాలనుకున్నాడు. చాలలేదు. 1535 జులైలో ఆయన తల తెగింది. రోచెస్టర్ బిషప్పు జాన్ ఫిషర్ తల అంతకు రెండు వారాల ముందే తెగింది.

హెన్రీ ఇదంతా తన సొంత ఆజ్ఞతో ఎందుకు చేయలేదన్నది ఆలోచించాల్సిన విషయం. తన అధికారం దేవుడి నుంచి వచ్చిందనీ, పార్లమెంటు ఉన్నమాటను ఒప్పుకుందే తప్ప కొత్తగా ఇచ్చిందేమీ లేదనీ ఆయన వాదన. అయినా, ప్రాణం తీసే శిక్షకూ ఆస్తి లాక్కోవడానికీ ఇంగ్లండ్ కోర్టుల్లో నిలబడేది పార్లమెంటు చట్టమే. పైగా పోపుతో తెగతెంపులంటే యూరప్ అంతా వేలెత్తి చూపుతుంది. నేరం, లేదా ఘనత, ఒక్కడిది కాకుండా దేశమంతటిదీ కావాలి. ఆ క్షణానికి ఇది తెలివైన ఎత్తు. కానీ మతాన్ని పార్లమెంటు మార్చగలదని ఒకసారి రుజువయ్యాక, ఆ సంగతి మర్చిపొమ్మని తర్వాతి రాజులు ఎంత చెప్పినా ఎవరూ మర్చిపోలేదు.

తర్వాత భూములు. 1535లో చర్చి ఆస్తులన్నిటికీ లెక్కలు తీయించారు. 1536లో ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయమున్న చిన్న మఠాలను మూసేశారు, 1540కల్లా పెద్దవీ అయిపోయాయి. మొత్తం 800 దాకా సంస్థలు. సన్యాసులకు పింఛన్లిచ్చి పంపారు. పైకప్పుల మీది సీసాన్ని కరిగించి అమ్ముకున్నారు. ఉత్తరాది జిల్లాల్లో మఠాలంటే బీదవాడికి కూడు, బాటసారికి చోటు, ఊరికి పని. 1536 అక్టోబరులో లింకన్‌షైర్‌లోని లౌత్‌లో మొదలైన తిరుగుబాటు యార్క్‌షైర్‌కు పాకి, రాబర్ట్ ఆస్క్ అనే లాయర్ నాయకత్వంలో దాదాపు ముప్పై వేలమంది కదిలారు. రాజు పంపిన సేన దానికన్నా చాలా చిన్నది. హెన్రీ మాటలు చెప్పి, హామీలిచ్చి, ఇళ్లకు పంపేసి, తర్వాత తీరిగ్గా ఉరితీయించాడు. రాజు ఇచ్చిన మాట మీద నమ్మకమే ఆస్క్ ప్రాణం తీసింది. సైన్యం లేని రాజు చేతిలో ఇంకా మిగిలి ఉన్న ఆయుధం ఆ నమ్మకమే.

మఠాల భూములను రాజు తన దగ్గరే ఉంచుకుని ఉంటే ఇంగ్లండ్ చరిత్ర మరోలా ఉండేదేమో. ఏటేటా వచ్చే ఆ శిస్తుతో పన్నుల కోసం పార్లమెంటు మొహం చూడాల్సిన అవసరం చాలావరకు తప్పేది. కానీ 1540లలో ఫ్రాన్స్‌తో, స్కాట్లండ్‌తో యుద్ధాలు పెట్టుకుని, హెన్రీ చనిపోయే 1547 నాటికే ఆ భూముల్లో మూడింట రెండొంతులు అమ్ముకోవడమో ఇచ్చేయడమో జరిగింది. కొన్నవాళ్లు ఎక్కువగా జెంట్రీ, అంటే ప్రభువులకు కింద, రైతులకు పైన ఉండే భూస్వాములు. జీతం లేకుండా జిల్లాల్లో మేజిస్ట్రేట్లుగా కూర్చునేదీ వాళ్లే, పార్లమెంటు దిగువసభలో కూర్చునేదీ వాళ్లే. పాత మతాన్ని తిరిగి తెద్దామనుకున్న వాళ్లలో కూడా చాలామందికి పాత మఠాల పొలాలు మాత్రం ఇచ్చేయాలని లేదు. 1553లో గద్దెనెక్కిన హెన్రీ పెద్ద కూతురు మేరీ రాణి పోపుతో దేశాన్ని మళ్లీ కలిపింది గానీ, భూములు కొన్నవాళ్ల జోలికి రాబోమని పోపు తరఫున హామీ వచ్చేదాకా పార్లమెంటు కదల్లేదు. విశ్వాసం కన్నా పట్టా గట్టిది.

హెన్రీ ప్రొటెస్టెంటు కాదన్నది చాలామంది గమనించరు. 1521లో, జర్మనీలో రోమ్ మీద తిరగబడ్డ లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసి పోపు దగ్గర విశ్వాస రక్షకుడనే బిరుదు పొందినవాడాయన. 1540 జులై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో ఒకేరోజు ముగ్గురు ప్రొటెస్టెంటు బోధకులను మతద్రోహులని కాల్చారు, ముగ్గురు క్యాథలిక్ ఫాదర్లను రాజద్రోహులని ఉరితీశారు. ఇంగ్లీషు బైబిలును ప్రతి చర్చిలో పెట్టించిందీ ఆయనే. జనం సారా దుకాణాల్లో కూర్చుని దానిమీద వాదించుకుంటున్నారని 1543లో కూలీలు, నౌకర్లు, సామాన్య స్త్రీలు చదవకూడదని చట్టం తెచ్చిందీ ఆయనే. బైబిలు చదవడానికి హోదా కావాలన్నమాట.

ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ తొమ్మిదేళ్లకు రాజయ్యాడు. చుట్టూ ఉన్నవాళ్లు మార్పును నిజమైన ప్రొటెస్టెంట్ దారి పట్టించారు. మోర్‌బాత్ లెక్కల్లో ఆ ఆరేళ్లు దివాలా కథ. దీపాలు వద్దన్నారు కాబట్టి గొర్రెలు అమ్మేశారు. బీరు విందులు ఆగాయి. ఆదాయం పోయింది, ఖర్చు పెరిగింది: బలిపీఠం పగలగొట్టించాలి, కొత్త పుస్తకాలు కొనాలి. 1549లో ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథం వచ్చినప్పుడు డెవన్, కార్న్‌వాల్ లేచాయి. కార్న్‌వాల్ వాళ్లలో కొందరికి ఇంగ్లీషే రాదు, లాటిన్‌కు బదులు ఇంగ్లీషు పెట్టడం వాళ్లకు ఒక అర్థంకాని భాష తీసి మరొకటి పెట్టడమే. మోర్‌బాత్ ఐదుగురు యువకులకు ఖర్చులిచ్చి తిరుగుబాటు శిబిరానికి పంపింది. ఫాదర్ ఆ ఖర్చును చర్చి లెక్కల్లోనే రాశాడు. ప్రభుత్వం విదేశీ కిరాయి సైనికులతో ఆ తిరుగుబాటును అణిచింది, వేలమంది చచ్చారు.

మేరీ ఐదేళ్ల పాలన గురించి ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. 280 మందికి పైగా ప్రొటెస్టెంట్లు మంటల్లో పోయారు. వాళ్లలో ప్రార్థనా గ్రంథం కూర్చిన ఆర్చిబిషప్పు క్రాన్మర్ ఒకడు, మిగతావాళ్లలో ఎక్కువమంది నేతగాళ్లు, చేతిపనివాళ్లు, వాళ్ల భార్యలు. పల్లెల సంగతి వేరు. మోర్‌బాత్‌లో దాచిపెట్టిన వస్తువులు ఒక్కొక్కటే ఇళ్లలోంచి బయటికొచ్చాయి. పైనుంచి ఆజ్ఞ వచ్చిన రోజున పీకేసి, ఇంట్లో భద్రంగా దాచిన జనాన్ని విధేయులనాలా, తిరుగుబాటుదారులనాలా? ఆ రెండు మాటలూ వాళ్లకు సరిపోవు.

1558లో మేరీ చెల్లెలు ఎలిజబెత్ వచ్చింది. 1559లో మళ్లీ చట్టం, మళ్లీ ఇంగ్లీషు ప్రార్థనలు. ప్రభువుల సభలో ఆ ప్రార్థనల చట్టం కేవలం మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది, బిషప్పుల్లో ఒక్కడూ అనుకూలంగా ఓటేయలేదు. ఆదివారం చర్చికి రానివాడికి 12 పెన్నీల జరిమానా. కూలివాడికి అది రోజు కూలి కన్నా ఎక్కువ. వసూలు చేసి ఊళ్లోని బీదలకు పంచాల్సింది వార్డెన్లే.

ఈ కాలంలో ఇంగ్లండ్ చర్చిలోకి అడుగుపెట్టిన మనిషికి అన్నిటికన్నా ముందు కనబడే మార్పు ఒకటుంది. ఇదివరకు ఆరాధకుల ఎదుట ఎత్తున, మరియతల్లి, యోహానుల మధ్య పెద్ద సిలువ ఉండేది. దాన్ని దించేశారు. చాలా చర్చిల్లో ఆ చోట రాజచిహ్నం, సింహంతో సహా, రంగులేసి పెట్టారు. ప్రసంగం చేయడానికి లైసెన్సు లేని పాస్టరు ప్రభుత్వం అచ్చువేసిన ప్రసంగాలనే చదవాలి. ఉత్తరాది ప్రభువులు 1569లో తిరగబడ్డాక, తిరుగుబాటు ఎంత పాపమో చెప్పే చాలా పొడవైన ప్రసంగం ఒకటి ఆ సంపుటిలో చేరింది. 1538లో క్రామ్‌వెల్ మొదలుపెట్టించిన బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు కొనసాగాయి. 1601 బీదల చట్టంతో ఊళ్లో ముసలివాళ్లు, అనాథల పోషణకు పన్ను వేసి వసూలు చేసే పని కూడా పారిష్ మీదే పడింది. ప్రార్థన, జననమరణాల లెక్క, పన్ను, ప్రచారం అన్నీ ఒకే గోడల మధ్యకు వచ్చాయి. దీనికి రాజఖజానా నుంచి అయిన ఖర్చు దాదాపు శూన్యం.

ఖర్చు లేని అమలుకు తగ్గ ఫలితమే వచ్చింది. బిషప్పు కార్యాలయం అచ్చువేసిన ప్రశ్నల జాబితా పంపేది. చర్చికి రానివాళ్లెవరు, పాత జపమాలలు తిప్పేవాళ్లెవరు, వ్యభిచారులెవరు, ఆరాధన వేళ సారాయి అమ్మేవాళ్లెవరు? వార్డెన్లు చాలాసార్లు అన్నిటికీ కలిపి ఒకటే జవాబు రాసేవారు: అంతా బాగానే ఉంది. లాటిన్‌లో రెండే మాటలు. అలాంటి ఊళ్లో నిజంగా అంతా బాగానే ఉందని అనుకోనక్కర్లేదు. అదే సమయంలో తమకు నచ్చనివాళ్లను, తాగుబోతులను, పరాయి ఊరి ఆడవాళ్లను రాసివ్వడానికి వెనకాడలేదు కూడా. రాజు చట్టాన్ని ఊరు తన తగాదాలకు వాడుకుంది.

క్యాథలిక్ కుటుంబాలు దీంట్లోనే దారి వెతుక్కున్నాయి. చాలా ఇళ్లలో భర్త ఆదివారం చర్చికి వెళ్లి తలకాయ చూపించి వచ్చేవాడు, భార్య ఇంట్లో ఉండిపోయేది. చట్టప్రకారం పెళ్లైన స్త్రీకి సొంత ఆస్తి లేదు, జరిమానా ఎవరి దగ్గర వసూలు చేయాలి? ఎలిజబెత్‌ను వెలివేస్తూ 1570లో పోపు ప్రకటన చేశాక ప్రభుత్వానికి టెన్షన్ మొదలైంది. ప్రతి క్యాథలిక్కూ రాజద్రోహి కావచ్చన్న అనుమానం. 1581లో జరిమానా నెలకు 20 పౌండ్లకు ఎగబాకింది, 1585 నుంచి విదేశాల్లో అభిషేకం పొందిన ఫాదర్ దేశంలో ఉండటమే మరణదండనకు తగిన నేరమైంది. యార్క్‌లో ఒక కసాయి భార్య మార్గరెట్ క్లిథరో ఫాదర్లకు ఆశ్రయమిచ్చింది. విచారణ జరిగితే పిల్లలే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని కోర్టులో జవాబివ్వడానికి నిరాకరించింది. 1586లో బరువులు పెట్టి నలిపి చంపారు. భర్త ప్రొటెస్టెంటుగా చర్చికి వెళ్తూనే ఉన్నాడు.

రెండోవైపు ప్యూరిటన్లున్నారు. ఈ చర్చి సగమే మారిందని, బిషప్పులూ తెల్ల అంగీలూ రోమ్ మిగిల్చిన మురికేనని వాళ్ల వాదన. వీళ్లు దేశద్రోహులు కారు, రాణికి ప్రాణమిచ్చేవాళ్లు. మేజిస్ట్రేట్లలో, లాయర్లలో, పార్లమెంటు సభ్యుల్లో వీళ్ల అభిమానులు చాలామంది. అందుకే వీళ్లతో ఎక్కువ ఇబ్బంది. 1603లో స్కాట్లండ్ నుంచి వచ్చి రాజైన స్టువర్ట్ వంశపు మొదటి జేమ్స్, 1604లో హాంప్టన్ కోర్టు భవనంలో వీళ్లతో చర్చకు కూర్చున్నాడు. స్కాట్లండ్‌లో పాస్టర్ల సభలు రాజుకే బుద్ధి చెప్పిన అనుభవం ఆయనకుంది. బిషప్పు లేకపోతే రాజూ ఉండడని తేల్చేశాడు. జేమ్స్ మాటకారి, కానీ మాట దగ్గర ఆగడం తెలిసినవాడు. ఎవరినీ చివరిదాకా తరమలేదు. ఆయన కాలంలోనే, 1611లో, ఎలిజబెత్ ఇచ్చిన గుత్తహక్కు పత్రంతో పుట్టిన ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది. పార్లమెంటును అడక్కుండా రాజు ఇవ్వగలిగిన వరాల్లో అలాంటి పత్రాలు ఒకటి.

1625లో వచ్చిన ఆయన కొడుకు మొదటి చార్లెస్‌కు ఆగడం తెలియదు. 1629 నుంచి 11 ఏళ్లు పార్లమెంటును పిలవలేదు. ఓడరేవులు మాత్రమే యుద్ధసమయంలో కట్టే ఓడల పన్నును 1635లో దేశమంతటా వేశాడు. జాన్ హాంప్డెన్ అనే భూస్వామి కట్టనని కోర్టుకెక్కితే 12 మంది జడ్జిల్లో ఏడుగురు రాజు పక్షాన, ఐదుగురు హాంప్డెన్ పక్షాన నిలిచారు. గెలుపే, కానీ పరువు నిలిచే గెలుపు కాదు. అయినా ఈ పన్నులో చాలాభాగం మొదటి కొన్నేళ్లూ వసూలైంది. డబ్బు ఒక్కటే గొడవైతే చార్లెస్ గట్టెక్కేవాడేమో.

గట్టెక్కనివ్వనిది విలియం లాడ్. 1633లో క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన ఈయనకు అందం, క్రమం, గంభీరత కావాలి. ఎలిజబెత్ కాలం నుంచి చాలా చర్చిల్లో ప్రభువు భోజనపు బల్ల మధ్యలోకి వచ్చి, జనం చుట్టూ చేరేవారు. లాడ్ దాన్ని తూర్పు గోడకు చేర్చి, చుట్టూ కటకటాలు కట్టి, జనం వచ్చి మోకరించాలన్నాడు. బయటివాళ్లకు ఇది సామాను సర్దుబాటులా కనిపిస్తుంది. ఆ ఊరివాళ్లకు అది బల్ల మళ్లీ బలిపీఠంగా మారడం, క్యాథలిక్ పూజ దొడ్డిదారిన తిరిగి రావడం. పైగా కటకటాల వడ్రంగి ఖర్చు ఊరి మీదే. ఎనభై ఏళ్లుగా అంతా బాగానే ఉందని రాసిన వార్డెన్లను ఇప్పుడు కోర్టులకు ఈడ్చారు, వెలివేశారు. 1637లో బిషప్పుల మీద రాసిన ముగ్గురు పెద్దమనుషుల చెవులు లండన్‌లో బహిరంగంగా కోశారు. వాళ్లు ఒక లాయరు, ఒక డాక్టరు, ఒక పాస్టరు. అంతటి హోదా ఉన్నవాళ్లకు అలాంటి శిక్ష వేయడం జెంట్రీకి గుండెల్లో గుచ్చుకుంది.

అదే ఏడాది జులై 23న ఎడిన్‌బరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో, చార్లెస్ స్కాట్లండ్ మీద రుద్దిన కొత్త ప్రార్థనా గ్రంథం చదవబోతే రభస జరిగింది. స్కాట్లండ్ మొత్తం తమ మతాన్ని కాపాడుకుంటామనే ఒప్పందపత్రం మీద సంతకాలు పెట్టి ఎదురు తిరిగింది. దాన్ని లొంగదీయడానికి చార్లెస్‌కు సైన్యం కావాలి, జిల్లాల నుంచి పట్టుకొచ్చిన పల్లె కుర్రాళ్లే ఆ సైన్యం. 1640 వేసవిలో వాళ్లు ఉత్తరానికి నడుస్తూ దారిలోని చర్చిల్లో లాడ్ పెట్టించిన కటకటాలు పీకి మంటలేశారు. క్యాథలిక్కులన్న అనుమానంతో తమ అధికారులనే చంపిన ఘటనలూ ఉన్నాయి. ఆగస్టులో స్కాట్ సేన ఉత్తర ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌ను పట్టుకుంది. అక్కడ కూర్చున్నందుకు రోజుకు 850 పౌండ్లు ఇవ్వాలంది. ఇక పార్లమెంటును పిలవక తప్పలేదు.

1640 డిసెంబరులో బిషప్పులను వేళ్లతో సహా పెకలించాలంటూ 15 వేల లండన్‌వాసుల సంతకాలతో పార్లమెంటుకు అర్జీ వచ్చింది. రెండేళ్లలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం, 1645లో లాడ్‌కు మరణశిక్ష, 1646లో బిషప్పుల వ్యవస్థ రద్దు, 1649 జనవరి 30న రాజు తల. జేమ్స్ మాట అక్షరాలా జరిగింది. బిషప్పులుండాలా, ఉంటే వాళ్ల అధికారమెంత అన్న ఈ గొడవ ఇంగ్లండ్‌లో ఆగలేదు. మిషనరీలతోపాటు ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలుగా తెలుగు ఊళ్లకూ వచ్చింది. డోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య చొరవతో 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా చర్చలు 1947లో సిఎస్ఐ (దక్షిణ భారత సంఘం) ఏర్పడేదాకా సాగడానికి పెద్ద అడ్డంకుల్లో ఇదొకటి.

గెలిచిన పార్లమెంటు కూడా అదే పారిష్ యంత్రాంగాన్ని తిప్పబోయి అదే గోడకు గుద్దుకుంది. 1645లో ప్రార్థనా గ్రంథాన్ని నిషేధించింది, 1647లో క్రిస్మస్ పండగనే రద్దుచేసింది. ఆ డిసెంబరు 25న దుకాణాలు తెరవాల్సిందేనంటే క్యాంటర్‌బరీలో అల్లర్లు జరిగాయి. చాలా ఊళ్లలో పాత ప్రార్థనలు గుట్టుగా నడిచాయి. 1660లో రాజరికం, దానివెంట బిషప్పులు తిరిగొచ్చారు. కొత్త నిబంధనలకు ఒప్పుకోని దాదాపు 2 వేలమంది పాస్టర్లు 1662 నాటికి బయటికి పోయారు. రెండో చార్లెస్ తన పాలనలో, మెడ దగ్గర గడ్డలు లేచే గండమాల రోగులను 90 వేలమందికి పైగా చేత్తో తాకి దీవించాడు. రాజు స్పర్శలో దైవశక్తి ఉందన్న నమ్మకం, తండ్రి తల తెగిన పదకొండేళ్లకు కూడా అలాగే ఉంది.

ఆయన తమ్ముడు రెండో జేమ్స్ క్యాథలిక్. ఇంగ్లండ్ రాజులకు అంతకుముందు ఎన్నడూ లేనంత పెద్ద స్థిర సైన్యం ఆయనకుంది. మత నిర్బంధ చట్టాలను పక్కన పెడుతున్నానని ప్రకటించి, దాన్ని 1688 మేలో ప్రతి చర్చిలో రెండు ఆదివారాలు చదవమన్నాడు. నూటయాభై ఏళ్లుగా రాజాజ్ఞలు చదివిన వేదికలవి. ఆర్చిబిషప్పు శాన్‌క్రాఫ్ట్, మరో ఆరుగురు బిషప్పులు కుదరదని అర్జీ రాశారు. లండన్‌లో చాలా కొద్ది చర్చిల్లో తప్ప చదవలేదు. ఏడుగురినీ జైల్లో పెట్టి విచారిస్తే జూన్ 30న జ్యూరీ నిర్దోషులని వదిలేసింది, జనం వీధుల్లో మంటలేసి పండగ చేసుకున్నారు. ఆరోజే కొందరు పెద్దలు జేమ్స్ అల్లుడు, హాలండ్‌లోని విలియంకు రమ్మని ఉత్తరం పంపారు. నవంబరులో విలియం దిగాక జేమ్స్ సైన్యం చేతిలోంచి జారిపోయింది. అంతకు ఆరు నెలల ముందే వేదికలు జారిపోయాయి.

1689 చట్టం ప్రొటెస్టెంట్ చీలికవాదులకు వేరే చోట ఆరాధించుకునే వీలిచ్చింది. క్యాథలిక్కులకు ఇవ్వలేదు. అనుకోని ఫలితమేంటంటే, చర్చికి రానివాడు ఇంకో సభకు వెళ్లాడో, సారా దుకాణంలో కూర్చున్నాడో తేల్చే దారి వార్డెన్లకు లేకుండా పోయింది. హాజరు ఫిర్యాదులు తగ్గిపోయాయి. పారిష్‌కు బీదల పన్ను, రిజిస్టర్లు మిగిలాయి.

1701లో పార్లమెంటు మరో చట్టం చేసింది. ఇకపై గద్దెనెక్కేవాడు ఇంగ్లండ్ చర్చి సభ్యుడై ఉండాలి, క్యాథలిక్కుకు, క్యాథలిక్కును పెళ్లాడినవాడికి హక్కు లేదు. 1534లో రాజు ప్రజల మతాన్ని పార్లమెంటు చేత నిర్ణయింపజేశాడు, ఇప్పుడు పార్లమెంటే రాజు మతాన్ని నిర్ణయించింది. 1714లో అప్పటి రాణి ఆన్ చనిపోయినప్పుడు రక్తసంబంధంలో ముందున్న యాభైమందికి పైగా క్యాథలిక్కులను దాటేసి, జర్మనీలోని హానోవర్ నుంచి లూథరన్ జార్జ్‌ను పిలిపించారు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. వచ్చీ రాగానే చట్టం చెప్పినట్టు ఇంగ్లండ్ చర్చిలో చేరాడు. గండమాల రోగుల మీద చెయ్యిపెట్టే ఆచారాన్ని మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు.